పాటతో గట్టెక్కిన ట్రాన్స్‌ఫార్మర్

ఈమధ్య మా వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ మార్చడానికి క్రేను వచ్చింది. ఆపరేటరు ఒక చేత్తో ఫోను చెవికి ఆనించుకుని ఇంటావిడతో కూరగాయల సంగతి మాట్లాడుతూ, రెండో చేత్తో మీట జరిపాడు. అంతే. నూనెతో నిండిన అంత పెద్ద ఇనుప పెట్టె గాల్లోకి లేచి, గద్దె మీద బుద్ధిగా కూర్చుంది. పని అయ్యాక లైన్‌మన్ కుర్రాళ్ళిద్దరు మంచినీళ్ళకి మా ఇంటికి వచ్చారు. నేనూ అదే డిపార్టుమెంటు అని తెలిసి, "మీ టైముల క్రేన్లు లేవు గదా తాతా, మరి ఎట్ల ఎక్కిచ్చెటోళ్ళు?" అని అడిగారు.

"ఒకసారి పాటతో ఎక్కించాం" అన్నాను.

ఒకడు రెండోవాణ్ణి మోచేత్తో పొడిచాడు. ఇద్దరూ మర్యాదగా నవ్వి, చెంబు కింద పెట్టి వెళ్ళిపోయారు. ముసలాయనకి మతి చలించిందనుకున్నారు కాబోలు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంటతోనే ఇది రాస్తున్నాను. నాయనా, మీరిద్దరూ ఎక్కడున్నా చదవండి.

మాది మధిర వైపు. ఎనభైల్లో నన్ను జూలూరుపాడు అవతల అడవి అంచు ఊళ్ళకి లైన్‌మన్‌గా వేశారు. వేశారు అనడం కంటే విసిరేశారంటే సరిగ్గా ఉంటుంది. నాకు నోరు ఎక్కువ, ఓపిక తక్కువ. ఆ రెండూ ఉన్నవాణ్ణి ఆఫీసులకి దూరంగా ఉంచడం మంచిదని మా పైవాళ్ళు అనుకుని ఉంటారు. గాలొస్తే టేకు కొమ్మ లైను మీద పడేది, వానొస్తే స్తంభం ఒరిగేది, ఏమీ రాకపోతే కోతులు వచ్చేవి. సైకిలు, తాడు, కటింగ్ ప్లేయరు, నాతో సమాన వయసున్న ఒక హెల్పరు, ఇదీ నా సంసారం.

నేను చెప్పబోయే ఊరు ఒక వాగు అవతల ఉండేది. ఊరంటే ఒకటి కాదు, మూడు. కోస్తా నుంచి వచ్చి భూములు కొనుక్కున్న రైతుల ఊరు ఒకటి. దాన్ని ఆనుకుని చర్చి ఉన్న పేట ఒకటి. కాస్త ఎగువన కోయగూడెం. వాగు మడుగులోంచి నీళ్ళు తోడే మోటార్లే మూడింటికీ దిక్కు. ఆ మోటార్లన్నిటికీ కలిపి ఒకటే ట్రాన్స్‌ఫార్మర్. వేసవి మొదట్లో, వరి పొట్టమీద ఉన్నప్పుడు, అది కాలిపోయింది.

పొట్టమీద ఉన్న వరికి నీళ్ళు ఆగితే ఏమవుతుందో మీలో పొలం తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. కంకి బయటికి రాదు, వచ్చినా తాలు. కొత్త ట్రాన్స్‌ఫార్మరు కోసం ఆ రోజుల్లో ఊళ్ళకి ఊళ్ళు వరసలో నిలబడేవి. మన వంతు ఎప్పుడొస్తుందో దేవుడికి కూడా తెలిసేది కాదు.

పేట నుంచి ఒక అక్క రోజూ మా సెక్షన్ ఆఫీసుకి వచ్చి మెట్ల మీద కూర్చునేది. భర్త బొగ్గు గనుల్లో పని. వారానికోసారి వచ్చిపోయేవాడు. ఆమె ఒక్కతే భూమి కౌలుకి తీసుకుని, మొట్టమొదటిసారి సొంతంగా వరి వేసింది. ఆడమనిషికి కౌలు ఇవ్వడం ఆ భూమి ఆసామికి మొదటినుంచీ ఇష్టం లేదు. ఈ పంట పోతే భూమి వేరేవాళ్ళకి ఇచ్చేస్తానని ముందే చెప్పాడట. మళ్ళీ కూలికి పోవడమే అప్పుడు ఆమెకి మిగిలేది. ఈ సంగతంతా ఏడుస్తూ చెప్పలేదు. దెప్పుతూ చెప్పింది.

"సారూ, పొద్దుగాల అన్నం తిన్నరా?" అని అడిగేది నన్ను చూడగానే.

"తిన్నానక్కా."

"ఎవలో ఒకల పొలంల నీళ్ళు పారినయి గందుకే తిన్నరు. మా దిక్కు గూడ జర పారనియ్యిర్రి."

నాకు ఆమె అంటే గౌరవం, భయం రెండూ ఉండేవి. దూరంనుంచి ఆమె చీర కనపడితే వెనక గుమ్మంలోంచి జారుకున్న రోజులు కూడా ఉన్నాయి.

చర్చిలో పాటల జట్టుకి ఆమే పెద్ద. దాన్ని వాళ్ళు కొయిరు అనేవారు. ఆ మాట నేను మొదట ఆమె నోటనే విన్నాను. చాలా ఏళ్ళ తర్వాత ఖమ్మంలో ఒక పెళ్ళికి పెద్ద చర్చికి వెళితే, పాడేవాళ్ళు నిలబడే చోటుని కూడా అదే మాటతో పిలుస్తారని ఒక పెద్దమనిషి చెప్పాడు. ఒకే జాతి వాయిద్యాల గుంపుని కూడా అంటారట. ఆకాశంలో దేవదూతల గుంపుని కూడా అంటారట. ఒక్క మాటకి ఎన్ని పనులో చూడండని ఆయన ఆశ్చర్యపోయాడు. నేను చూసిన కొయిరు చేసిన పని ఆయన చెప్పినవాటిలో లేదు మరి.

సరే, కథకి వద్దాం. మా పై ఇంజనీరు, ఏడీఈ గారు, ఒక శనివారం నన్ను పిలిచారు. కోపం లేని మనిషి, మాట మాత్రం కచ్చితం. "రేపు పొద్దున ట్రాన్స్‌ఫార్మరుతో లారీ వస్తుంది. పొద్దుగూకేలోపు వాగు దాటించి అవతలి గట్టు ఎక్కించగలిగితే అది మీది. లేకపోతే అదే లారీలో కల్లూరు వైపు పంపేస్తాను. అక్కడా పంట ఎండుతోంది, వాళ్ళకి రోడ్డు ఉంది" అన్నారు. అన్యాయం అనడానికి లేదు. వాగు మీద చప్టా వానాకాలంలోనే కొట్టుకుపోయింది. బాగుచేయిస్తామన్నవాళ్ళు బాగానే ఉన్నారు, చప్టా ఒక్కటే బాగుపడలేదు.

నేను ఛాతీ విరుచుకుని ఎక్కిస్తాను సార్ అన్నాను. బయటికొచ్చాక గుర్తొచ్చింది, స్తంభాలూ ట్రాన్స్‌ఫార్మర్లూ లాగే మా కూలీ జట్టు మొత్తం శ్రీరామనవమి కల్యాణం చూడటానికి భద్రాచలం వెళ్ళిపోయిందని. మేస్త్రీతో సహా.

ఆ జట్టు పని చేస్తుంటే వందసార్లు చూశాను. మేస్త్రీ ఒక ముక్క పాడేవాడు, మిగతావాళ్ళు హైలెస్సా అనేవాళ్ళు, బరువు కదిలేది. పాట సరదాకి అనుకునేవాణ్ణి. మోకు ఉంది, మనుషులున్నారు, లాగడానికి ఇంకేం కావాలి?

ఆదివారం పొద్దున లారీ వచ్చి వాగు ఇవతలి ఒడ్డున ఆగింది. ట్రాన్స్‌ఫార్మరుని ఎద్దుల బండి మీదకి దింపి వాగు ఇసుకలోకి తోలితే, నాలుగు అడుగులు పోయేసరికి చక్రాలు ఇరుసుదాకా దిగబడ్డాయి. ఎడ్లు ముక్కులు పైకెత్తి బుసకొట్టాయి తప్ప బండి కదల్లేదు. ట్రాక్టరు కడదామని ఒకాయన అన్నాడు. ట్రాక్టరు కుదుపుకి పెట్టె పక్కకి ఒరిగిందంటే, పైన ఉండే పింగాణీ బుషింగులు పగిలిపోతాయి. పగిలితే అది ఇక ఇనుప తుక్కే. చేసేది లేక, తాటి దుంగలు జతచేసి వాటిమీద ట్రాన్స్‌ఫార్మరుని కట్టి, అడుగున గుండ్రటి కర్రలు పరిచి, మోకులతో లాగాలని తేల్చాం.

మనుషులకి కొదవ లేదు. రైతుల ఊళ్ళో భజన జట్టు ఆ సాయంత్రమే భద్రాచలానికి బయలుదేరాలని డోలకు, చిడతలతో సహా సిద్ధంగా ఉంది. పేటవాళ్ళు చర్చి ముగించుకుని తెల్లబట్టలతోనే వచ్చారు. గూడెం వాళ్ళ మొక్కజొన్న కూడా ఆ మోటార్ల కిందే ఎండుతోంది కాబట్టి ఆడా మగా అందరూ దిగివచ్చారు. వాగు నిండా జనం. వాళ్ళని చూసి నాకు ధైర్యం వచ్చింది. నా హెల్పరు మాత్రం, "గింత మందిని ఒక్క తాడుకు కడితే తాడు మనల్నే లాగుతది అన్నా" అని గొణిగాడు.

"నోరు మూసుకుని కర్రలు పెట్టు" అన్నాను.

ఒకటీ రెండూ మూడూ అని అరిచాను. మూడు అనగానే లాగినవాళ్ళు సగం. మూడు అయ్యాక లాగినవాళ్ళు సగం. రెండుకే లాగి వెల్లకిలా పడినవాడు ఒకడు. మోకు ఒకసారి బిగుసుకుని, ఒకసారి పాములా ఇసుక మీద పడుకుంటోంది. ట్రాన్స్‌ఫార్మరు అటూ ఇటూ ఊగుతుంటే నా గుండె దానితోపాటే ఊగింది. ఒడ్డున లారీ డ్రైవరు బీడీ కాలుస్తూ, సినిమాకొచ్చినవాడిలా కూర్చుని చూస్తున్నాడు.

అప్పుడు భజన జట్టు పెద్దాయన ముందుకొచ్చాడు. తెల్ల పంచె, భుజాన కండువా, గొంతు విప్పితే రెండు ఫర్లాంగులు వినపడే మనిషి. "ఏవండీ లైన్‌మన్ గారూ, అంకెలకి బరువులు కదులుతాయా ఎక్కడన్నా? పాట ఉండాలండీ. మావాళ్ళకి వదిలేయండి" అన్నాడు. సరే అన్నాను.

డోలకు మోగింది. పెద్దాయన ఒక చరణం అందుకున్నాడు. అబ్బ, ఏం గొంతు! భజన జట్టు వంత అందుకుని లాగింది. ట్రాన్స్‌ఫార్మరు జరజరా కదిలింది. నేను చప్పట్లు కొట్టబోయేంతలో పెద్దాయనకి భక్తి పట్టుకుంది. కళ్ళు మూసుకుని రాగం సాగదీశాడు. సాగదీసిన రాగానికి ఆయన జట్టు కూడా కళ్ళు మూసుకుంది. మోకు చేతుల్లో ఉంది గానీ లాగుతున్నవాడు ఒక్కడూ లేడు. అందరూ తల ఊపుతున్నారు.

"బాబాయ్ గారూ! కల్యాణం రేపండీ! ఇవాళ ఇది లాగండి!" అని అరిచాను. ఆయనకి కోపం వచ్చి పాట ఆపేశాడు.

తర్వాత పేటవాళ్ళు పట్టుకున్నారు. అక్క తల ఊపగానే అందరూ ఒక్కసారే మొదలుపెట్టారు. వాళ్ళలో ముందు పాడేవాడు, వంత పాడేవాడు అని లేదు. సన్న గొంతులు పైన, బొంగురు గొంతులు కింద, అందరూ మొదటినుంచి చివరిదాకా పాడటమే. మోకు ఒక్కసారి కూడా వదులు కాలేదు. కానీ అందులో కొట్టే దెబ్బ లేదు. బరువైనదాన్ని కదిలించాలంటే ఒక్క ఊపున గుంజాలి కదా, వీళ్ళది నూనె ధారలా సాగే లాగుడు. ట్రాన్స్‌ఫార్మరు కాసేపు పోయి, ఇసుకలో ముక్కు గుచ్చుకుని నిలబడిపోయింది.

గూడెం వాళ్ళు వచ్చారు. వాళ్ళకి ముందు నడిచిన తాత నడుము వంగిన మనిషే గానీ చూపు చురుకు. మీ పాటల జట్టు ఎవరు తాతా అని అడిగితే, అర్థం కానట్టు చూసి, "పాడనోళ్ళు ఎవలున్నరు సారు?" అన్నాడు. వాళ్ళు రెండు వరసలుగా నిలబడ్డారు. ఒక వరస పాడింది, లాగింది. రెండో వరస అదే మాటని అందుకుని పాడింది, లాగింది. అడుగు మీద అడుగు వేసుకుంటూ చూడముచ్చటగా ఉంది. కాకపోతే ఏ సమయంలో చూసినా సగంమందే లాగుతున్నారు. దానికితోడు ఒక్కో వరస లాగినప్పుడల్లా పెట్టె ఒక్కో పక్కకి తిరుగుతోంది.

ఇలా పడుతూ లేస్తూ, మూడు జట్లూ తలా కాస్తా లాగితే, మధ్యాహ్నానికి ఇసుక దాటి అవతలి గట్టు అడుగుకి చేరాం. అసలు పరీక్ష అక్కడ ఉంది. గట్టు నిలువుగా లేదుగానీ, దించిన బస్తా దొర్లి కిందికొచ్చేంత ఏటవాలు. అందరినీ కలిపి పట్టుకోమన్నాను. ఎవరి పాట వాళ్ళు పాడారు. భజనవాళ్ళు లాగినప్పుడు గూడెం వాళ్ళు ఊపిరి తీసుకుంటున్నారు. గూడెం వాళ్ళు లాగినప్పుడు భజనవాళ్ళు వింటున్నారు. పేటవాళ్ళు ఎవరినీ పట్టించుకోకుండా పాడుతూనే ఉన్నారు. సగం గట్టు ఎక్కాక ఒక్క క్షణం అందరి చేతులూ ఒకేసారి వదులయ్యాయి.

ట్రాన్స్‌ఫార్మరు వెనక్కి జారింది. నా హెల్పరు చేతిలో ఉన్న రాయిని దుంగ కిందికి తోసి పక్కకి దూకాడు. రాయి మీద ఆగి, ఒక పక్కకి ఒరిగి, అలాగే నిలిచింది. నేను పరిగెత్తుకెళ్ళి బుషింగులు తడిమి చూశాను. పగల్లేదు. హెల్పరు కాళ్ళు చూశాను. అవీ బాగానే ఉన్నాయి.

ఇక మొదలైంది తగాదా. మీ పాట వల్లంటే మీ పాట వల్లని.

"దేవుడి పాటకి అడ్డంగా మీ గోలేంటి?" అన్నాడు పెద్దాయన.

"మాదేనా గోల? నీ పాటకు మేం వంత పాడుతమా ఏంది?" అని పేటలోంచి ఒకాయన లేచాడు. గూడెం వాళ్ళు మోకు కింద పెట్టేసి దూరంగా వెళ్ళి కూర్చున్నారు. అవతలి ఒడ్డు నుంచి డ్రైవరు కేకేశాడు. "అన్నా, అయితదా కాదా? కాకుంటే జల్దీ చెప్పు, మళ్ళ లారీల ఎక్కిచ్చుకొని పోత!"

అక్క ఆ కేక విని ముందుకొచ్చింది. అంతవరకూ ఆమె ఒక్కసారి కూడా కూర్చోలేదు, నీళ్ళు కూడా తాగలేదు. తెల్లచీర నిండా ఇసుక. "ఇంత దూరం తెచ్చినం. కండ్లముంగటికి వచ్చినదాన్ని పంపిస్తరా సారూ?" అంది నాతో. దెప్పడం లేదు ఆ గొంతులో.

గూడెం ఆడవాళ్ళు జావ తెచ్చి అందరికీ పోశారు. గట్టు మీద మద్దిచెట్టు నీడలో కూలబడ్డాం. జావ తాగుతూ ఊరికే అటూ ఇటూ చూస్తుంటే, డోలకు వాయించే ఆయన పెద్దాయనతో అంటున్న మాట చెవిన పడింది. "మీరు పాడేటప్పుడు మేం ఊపిరి తీసుకుంటాం, మేం పాడేటప్పుడు మీరు తీసుకుంటారు. ఇయ్యాల మీరు ఎంతకీ వదల్లేదు, మా ప్రాణం మీదకొచ్చింది" అంటున్నాడు. నేను జావ గిన్నె పక్కన పెట్టాను. మా మేస్త్రీ జట్టు కళ్ళముందు కదిలింది. మేస్త్రీ పాడుతుంటే జట్టు ఊరికే నిలబడి ఊపిరి నింపుకునేది. హైలెస్సా అన్నప్పుడే బలం పడేది. వందసార్లు చూసి కూడా నా మట్టిబుర్రకి ఎక్కలేదు.

"అక్కా, మరి మీరు ఎప్పుడు తీసుకుంటారు ఊపిరి? మీకు వంత లేదు కదా?" అని అడిగాను.

ఆమె నన్ను చంటిపిల్లాణ్ణి చూసినట్టు చూసింది. "అందరం ఒక్కసారి తీసుకోం సారూ. నేను తీసుకునేటప్పుడు పక్కనామె పాడుతది. ఆమె తీసుకునేటప్పుడు నేను పాడుత. గందుకే పాట తెగది."

"అయితే తాడు కూడా అలాగే పట్టుకోగలరా? లాగొద్దు. ఊరికే బిగబట్టి ఉంచాలి. మీలో ఎవరు వదిలినా పక్కవాళ్ళు వదలకూడదు."

"అవ్. గదే గద మేం చేసేది" అంది.

గూడెం తాత నా పక్కకి జరిగి కూర్చున్నాడు. నేను అడక్కముందే రెండు అరచేతులు నేల మీద పెట్టి, ఒకటి ముందుకి, తర్వాత రెండోది ముందుకి జరిపి చూపించాడు. "గిట్ల ఎక్కాలె సారు. పెద్ద మొద్దును మేం గిట్లనే ఎక్కిస్తం. ఈ మూల, ఆ మూల. ఒక్కసారి మొత్తం లాగితే రాదు." పొద్దున్నుంచీ పెట్టెని పక్కలకి తిప్పుతున్నారని నేను విసుక్కున్న పద్ధతే అది! దుంగలకి కుడిమూల ఒక మోకు, ఎడమమూల ఒక మోకు కడితే, రెండు వరసలూ వంతులవారీగా లాగితే, అది నడుచుకుంటూ ఎక్కుతుంది.

ఇక మిగిలింది పెద్దాయన. ఆయన ఇంకా అలక మీదే ఉన్నాడు. "బాబాయ్ గారూ, మీరు తాడు పట్టుకోవద్దు. గట్టు పైన నిలబడండి. అందరికీ వినపడే గొంతు మీ ఒక్కరిదే. మీరు ఒక ముక్క అని ఆపేయాలి. రాగం తీయకూడదు" అన్నాను.

"దేవుడి పాటని ముక్కలు చేయమంటారా?"

"దేవుడి పాట వద్దండీ. పేటవాళ్ళకీ మీకూ పేచీ ఉండదు. దీనిమీదే పాడండి" అని ట్రాన్స్‌ఫార్మరు చూపించాను.

ఆయన దాన్ని ఎగాదిగా చూశాడు. అంత భక్తుడు, అంత మర్యాదస్తుడు, కండువా దులిపి గట్టు పైకెక్కి ఏం పాడాడనుకున్నారు? "ఎక్కవే ఎక్కవే నూనెబుడ్డీ!" అని.

జనం ఘొల్లుమన్నారు. గూడెం ముసలమ్మలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని మరీ నవ్వారు. అలక, తగాదా అన్నీ ఆ నవ్వులో కొట్టుకుపోయాయి. భజన జట్టు సగం ఈ వరసలో, సగం ఆ వరసలో చేరిపోయింది. దుంగల మధ్యన కట్టిన మూడో మోకుని మద్దిచెట్టు మొదలుకి ఒక చుట్టు తిప్పి పేటవాళ్ళ చేతుల్లో పెట్టాం. అది లాగడానికి కాదు, జారకుండా ఆపడానికి.

డోలకు పడింది. పెద్దాయన అన్నాడు, ఆపాడు. కుడి వరస అదే మాట అందుకుని గుంజింది. కుడిమూల జానెడు ఎక్కింది. ఎడమ వరస అందుకుంది. ఎడమమూల జానెడు ఎక్కింది. పేటవాళ్ళు ఆ వదులుని చెట్టు చుట్టూ లాక్కుని, ఒకటే స్వరం పట్టుకుని నిలబడ్డారు. మాటలు లేవు ఆ పాటకి. పైన ఎవరు కేకేసినా, కింద ఎవరు ఆయాసపడినా, ఆ స్వరం తెగలేదు, ఆ తాడు జారలేదు. అక్క ముఖం ఎర్రగా కందిపోయింది. ఆమె ఊపిరి తీసుకున్నప్పుడు పక్కామె మెడ నరాలు ఉబ్బడం నేను కళ్ళారా చూశాను.

"గట్టు మీద నీకు గద్దె ఉంది నూనెబుడ్డీ!"

కుడి. ఎడమ. 

"లారీ ఎక్కితే కల్లూరు పోతావు నూనెబుడ్డీ!"

కుడి. ఎడమ. పెద్దాయనకి హుషారు ఎక్కింది. నన్ను తిట్టాడు పాటలో, ఏడీఈ గారిని తిట్టాడు, కొట్టుకుపోయిన చప్టాని తిట్టాడు. ప్రతి తిట్టుకీ జనం రెట్టింపు బలంతో గుంజారు. నేను వెనక హెల్పరుతో కలిసి రాళ్ళు పెడుతున్నాను. పెట్టిన ప్రతి రాయినీ వదిలి అది ముందుకి పోయింది. ఒక్కసారంటే ఒక్కసారి వెనక్కి రాలేదు. ఎప్పుడు నేను కూడా పాడటం మొదలుపెట్టానో నాకు తెలియదు. నా గొంతు విని మా ఇంట్లో పిల్లి కూడా లేచి వెళ్ళిపోతుంది. ఆ రోజు ఎవరూ వెళ్ళిపోలేదు.

ముందు ఒక మూల గట్టు అంచు దాటి చదును నేల మీద వాలింది. తర్వాత రెండో మూల. అప్పటికి పొద్దు ఇంకా చెట్ల మీదే ఉంది. నేను రెండు చేతులూ ఎత్తి ఆపండి అన్నాను. గట్టు పైన ఎద్దుల బండి సిద్ధంగా ఉంది. అక్కణ్ణుంచి బండి మీద తీసుకుపోవాలని ముందే అనుకున్నాం.

ఎవరాగుతారు? వరసలు రెండూ మోకులతో ముందుకి పోతూనే ఉన్నాయి. పెద్దాయన వెనక్కి వెనక్కి నడుస్తూ పాడుతున్నాడు. పేటవాళ్ళు చెట్టు నుంచి మోకు విప్పేసుకుని, పాట ఆపకుండానే వెనకనుంచి నెట్టడం మొదలుపెట్టారు. బండివాడు ఎడ్లని అదిలించుకుంటూ పక్కనే పరిగెత్తాడు. "ఆగుండ్రి! బండి ఉంది గదయ్యా! ఓరి, మీకు బండి కాన్రాదా?" వినేవాడు లేడు. బండిని దాటేశారు, పేట దాటేశారు, ఊళ్ళో బజారు గుండా లాక్కుపోయారు. దారిలో కనపడినవాళ్ళంతా మోకు పట్టుకున్నారు. పొలాల దగ్గర కాలిపోయిన పాత ట్రాన్స్‌ఫార్మరు గద్దె ముందు దాకా తెచ్చి, అక్కడ గానీ ఆగలేదు.

మా హెల్పరు వాగు దాకా వెళ్ళి డ్రైవరుకి ఇక పొమ్మని కేకేశాడు. "మరి కాలిపోయిన పాతది? వాపస్ తీస్కపోవాలె గదా?" అని అడిగాడట అతను. మావాడు నడుం మీద చేతులు పెట్టుకుని, "మళ్ళ ఆదివారం రా. మా కొయిరు ఖాళీగ ఉంటే దింపుతం" అన్నాడట. ఆ మాట వాడు రిటైరయ్యేదాకా చెప్పుకున్నాడు.

గద్దె మీదికి ఎత్తడం, కనెక్షన్లు ఇవ్వడం, ఎర్తింగు చూడటం మాకు చేతనైన పనే. మర్నాడు మధ్యాహ్నానికి ముగించాం. భజన జట్టు ప్రయాణం మానుకుంది. ఈ ఏడు కల్యాణం రేడియోలో వింటాం, నీళ్ళు మాత్రం కళ్ళారా చూస్తామని పెద్దాయన తేల్చేశాడు. నేను స్విచ్ వేశాను. ట్రాన్స్‌ఫార్మరు ఝుమ్మంది. మోటారు తిరిగింది. పైపు రెండుసార్లు గాలి కక్కి, మూడోసారి ఒళ్ళంతా అదిరేలా నీళ్ళు కుమ్మరించింది.

ఊరు ఊరంతా అరిచింది. డోలకు, చిడతలు, ఈలలు. గూడెం వరసలు ఆడటం మొదలుపెట్టాయి. పెద్దాయన నూనెబుడ్డికి కొత్త చరణాలు కడుతున్నాడు. నీళ్ళు కాలవలో ముందు పోతుంటే, మేమంతా గంతులేస్తూ వెనక పోయాం. అక్క అందరికంటే ముందు పోయి, తన మడి తూము తెరిచి నిలబడింది. పగుళ్ళిచ్చిన మడిలోకి నీళ్ళు దిగాయి. రెండు రోజులుగా నిలువుకాళ్ళ మీద ఉన్న ఆ మనిషి గట్టు మీద మెల్లిగా కూర్చుంది. కాళ్ళు నీళ్ళలో పెట్టింది. ఆ తర్వాత మావైపు తిరిగి, కొయిరుని ఆపేటప్పటిలాగే చెయ్యి పైకెత్తింది.

"జర అందరు ఊకుండ్రి" అంది. "నా మడిల నీళ్ళ సప్పుడు నన్ను ఇననియ్యిర్రి."

డోలకు ఆగింది. మేమందరం ఆమెతోపాటు విన్నాం.